తీగ లేని బరమాలు: తిప్పుటయా, కొట్టుటయా?

"బరమా" అనే మాటకు మన కళాశాలలో అనువాదం అవసరం లేదు. ఉర్దూ మాధ్యమ విద్యార్థి దానిని "బర్మా" అంటాడు; తెలుగు మాధ్యమ విద్యార్థి "బరమా" అంటాడు. కొయ్యకు గాని, గోడకు గాని, ఇనుప రేకుకు గాని రంధ్రం చేసే పనిముట్టు అని ఇద్దరికీ తెలుసు. అయితే ఈనాడు బజారులో బ్యాటరీతో నడిచే బరమాలు అనేక రకాలు లభిస్తున్నవి. అన్నీ పిస్తోలు ఆకారంలోనే ఉంటవి. అన్నింటికీ వేలితో నొక్కే మీట, అడుగున బ్యాటరీ ఉంటవి. కాని లోపల జరిగే పని ఒక్కొక్కదానిలో ఒక్కొక్క విధం. ఆ భేదం తెలియక కష్టార్జితాన్ని పోగొట్టుకొనబోయిన ఒక విద్యార్థి వలన ఈ వ్యాసం వ్రాయవలసి వచ్చినది.

అతడు మన బి.యస్సీ. తుది సంవత్సరం విద్యార్థి. పగలు తరగతులకు వస్తాడు; సాయంకాలం ఒక ఏ.సీ. మెకానిక్కు సహాయకునిగా పనిచేస్తాడు. మూడు నెలల కూలి డబ్బు దాచుకొని, ఇక ఒకరి పనిముట్టు అడగనక్కరలేదని సంతోషించి, స్వంతంగా ఒక యంత్రం కొన్నాడు. మరునాడు ఏ.సీ. బయటి పెట్టెకు ఇనుప బ్రాకెట్ బిగించడానికి కాంక్రీటు గోడకు దానిని ఆనించాడు. చెవులు చిల్లులు పడే శబ్దం వచ్చినది. బిట్టు కాలినట్లు వేడెక్కినది. పది నిమిషాల పిమ్మట చూస్తే గోడ మీద పెసరగింజంత గుంట మాత్రం పడినది. ఆనాటి పని పోయినది. వాడిన సరుకు తిరిగి తీసుకొనమని దుకాణదారు చెప్పాడు.

ఆ యంత్రాన్ని సంచిలో పెట్టుకొని నా వద్దకు వచ్చి అతడు అడిగిన ప్రశ్న ఇది: "సార్, దీని లోపల సుత్తి ఉన్నదని పెట్టె మీదనే వ్రాసి ఉన్నది. కొడుతున్న శబ్దం కూడా వినబడుతున్నది. సుత్తి కొడుతుంటే గోడ ఎందుకు తొలవదు?"

ఇరవై ఏండ్లకు పైగా బలభ్రామకము, కోణీయ ద్రవ్యవేగము నల్లబల్ల మీద బోధించిన నేను ఆ ప్రశ్నకు వెంటనే సమాధానం చెప్పలేకపోయాను. ఇద్దరమూ కలిసి కళాశాల వెనుక వీధిలో ఉన్న ఒక వృద్ధ వడ్రంగి ఉస్తాద్ వద్దకు పోయాము. ఆయన యంత్రాన్ని చేతిలోకి తీసుకొని ఒక్కసారి మూతి చూచి నవ్వినారు. "సాబ్, ఇందులో సుత్తి ఉన్న మాట నిజమే. కాని అది గోడను కొట్టదు. స్క్రూను తిరిగే దిక్కున కొడుతుంది. గోడను కొట్టే సుత్తి వేరే యంత్రంలో ఉంటుంది" అన్నారు.

ఆ రెండు మాటలలో ఈ పాఠమంతా ఇమిడి ఉన్నది. మిగిలినది దాని వివరణ మాత్రమే.

పూర్వ చరిత్ర

విద్యుత్తుతో నడిచే బరమాకు 1889లో ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్ నగరంలో ఆర్థర్ జేమ్స్ ఆర్నాట్, విలియం బ్లాంచ్ బ్రెయిన్ అనే వారు పేటెంటు పొందినారు. అది ఒకచోట నిలిపి ఉంచే భారీ యంత్రం. చేతితో పట్టుకొని మోయదగిన విద్యుత్ బరమాను 1895లో జర్మనీలోని స్టుట్‌గార్ట్ నగరంలో ఫైన్ సోదరులు తయారుచేసినారు. నేడు మనం చూచే పిస్తోలు పిడి, వేలితో నొక్కే మీట గల రూపానికి అమెరికాలో బ్లాక్, డెకర్ అనే ఇద్దరు మిత్రుల సంస్థ 1917లో పేటెంటు పొందినది. అదే సంస్థ 1961లో నికెల్-కాడ్మియం బ్యాటరీతో నడిచే తీగ లేని బరమాను విడుదల చేసినది.

చంద్రయాత్రల కొరకే తీగ లేని బరమాను కనిపెట్టినారని చాలామంది అనుకొంటారు. అది సరికాదు, 1961 నాటికే అది బజారులో ఉన్నది. అయితే చంద్రుని మీద అటువంటి యంత్రాన్ని వాడిన మాట వాస్తవం. 1971లో అపోలో 15 యాత్రలో డేవిడ్ స్కాట్ బ్యాటరీ బరమాతో చంద్రతలాన్ని తొలిచినాడు. ఉష్ణమాపకాలను దించడానికి సుమారు 3 మీటర్ల లోతు కావలసి ఉండగా, మొదటి రంధ్రం సుమారు 1.6 మీటర్ల వద్దనే ఆగిపోయినది. లోపం మోటారులో లేదు. బరమా కడ్డీ ముక్కలు ఒకదానితో ఒకటి కలిసే చోట, పొడిని పైకి తెచ్చే గాళ్ళు సరిగా లేవు. పొడి పైకి రాక కడ్డీ బిగుసుకొనిపోయినది. తరువాతి యాత్రకు ఆ కడ్డీల రూపం మార్చినారు. గోడ తొలిచేటప్పుడు బిట్టును మధ్యమధ్య వెనుకకు లాగి పొడి బయటకు పోనిమ్మని ఉస్తాదులు చెప్పే మాటకు ఇంతకంటె గొప్ప సాక్ష్యం అక్కరలేదు.

యంత్రం లోపల ఏమున్నది?

తీగ లేని బరమాలో ప్రధానంగా నాలుగు భాగాలు ఉంటవి: బ్యాటరీ, మోటారు, పళ్ళ చక్రాల పెట్టె, బిట్టును పట్టే మూతి.

మోటారు నిమిషానికి వేల సార్లు తిరుగుతుంది. కాని దాని బలభ్రామకం స్వల్పం. బలభ్రామకమనగా తిప్పే శక్తి. పనివారు దీనినే టార్క్ అంటారు. బలాన్ని ఇరుసు నుండి గల లంబదూరంతో గుణిస్తే అది వస్తుంది. దానిని న్యూటన్-మీటర్లలో కొలుస్తారు. పొట్టి పానాతో కదలని నట్టు పొడుగు పానాతో కదలడానికి కారణం ఇదే.

మోటారు వేగాన్ని తగ్గించి, ఆ మేరకు టార్క్‌ను పెంచే పని పళ్ళ చక్రాలది. వీటి అమరికకు గ్రహచక్రాల అమరిక అని పేరు. నడుమ ఒక చిన్న చక్రం సూర్యుని వలె తిరుగుతుంటే, దాని చుట్టూ మూడు నాలుగు చక్రాలు గ్రహాల వలె తిరుగుతవి. బరమా పైభాగాన కనబడే 1, 2 అంకెల మీట ఈ చక్రాల నిష్పత్తిని మార్చేదే. 1వ అంకె మీద వేగం తక్కువ, టార్క్ ఎక్కువ. స్క్రూలకు, పెద్ద రంధ్రాలకు అది తగును. 2వ అంకె మీద వేగం ఎక్కువ, టార్క్ తక్కువ; చిన్న రంధ్రాలకు అది తగును. సైకిలు గేర్లు ఎరిగిన వారికి ఇది క్రొత్త విషయం కాదు.

ఇటీవలి యంత్రాలపై "బ్రష్‌లెస్" అని వ్రాసి ఉంటుంది. పాత మోటారులో తిరిగే భాగానికి విద్యుత్తును అందించడానికి కార్బన్ బ్రష్షులు రాసుకొంటూ ఉంటవి. వాటి ఒరిపిడి వలన వేడి, అరుగుదల కలుగును. బ్రష్షులు లేని మోటారులో తీగచుట్టలు స్థిరంగా ఉండి, అయస్కాంతం తిరుగుతుంది. ఏ చుట్టకు ఎప్పుడు విద్యుత్తు పంపవలెనో ఎలక్ట్రానిక్ వలయం నిర్ణయిస్తుంది. అందువలన ఒకే బ్యాటరీతో ఎక్కువ పని జరుగును. ధర కూడా ఎక్కువే.

ఇక రకాల సంగతి. ప్రతి రకం దగ్గర మనం ఒకే ప్రశ్న వేసుకొనవలెను: ఇది తిప్పుతున్నదా, కొడుతున్నదా, కొడితే ఏ దిక్కున కొడుతున్నది?

1. డ్రిల్ డ్రైవర్: తిప్పుట మాత్రమే

ఇది అన్నిటికంటె సాధారణమైనది. దీని మూతికి మూడు దవడలు గల చక్ ఉంటుంది. ఆ చక్ గుండ్రని కాడ గల బిట్టును గట్టిగా పట్టుకొనును. సామాన్యంగా 10 లేక 13 మిల్లీమీటర్ల వరకు మందం గల కాడలు ఇందులో పడతవి.

చక్ వెనుక అంకెలు చెక్కిన ఒక కంకణం ఉంటుంది. అదే క్లచ్. చాలామంది దానిని వేగం మార్చే కంకణమని పొరబడతారు. నిర్ణీతమైన టార్క్ దాటగానే క్లచ్ జారి, మోటారు తిరుగుతున్నా బిట్టు తిరగకుండా ఆగిపోవును. "కటకట" అనే శబ్దం వచ్చును. చిన్న అంకె మీద త్వరగా జారును, పెద్ద అంకె మీద ఆలస్యంగా జారును. స్క్రూ తల చెక్కలోకి మునిగిపోకుండా, ప్లాస్టిక్ స్విచ్ పెట్టె పగలకుండా కాపాడేది ఇదే. క్రొత్తవారు చిన్న అంకెతో మొదలుపెట్టి, స్క్రూ పూర్తిగా దిగేవరకు ఒక్కొక్క అంకె పెంచుకొనుట మంచి పద్ధతి. బరమా బొమ్మ ఉన్న చోట క్లచ్ జారదు. రంధ్రాలు చేయునపుడు దానిని వాడవలెను.

కొయ్య, ఇనుము, ప్లాస్టిక్ తొలచడానికి, స్క్రూలు బిగించడానికి ఈ యంత్రం చాలును. కాంక్రీటుకు ఇది చాలదు.

2. హామర్ డ్రిల్: తిప్పుతూ ముందుకు కొట్టుట

చూపునకు ఇది మొదటి రకం వలెనే ఉంటుంది. కంకణం మీద ఒక సుత్తి బొమ్మ అదనం. ఆ బొమ్మ వద్దకు తిప్పితే, లోపల పళ్ళు గల రెండు బిళ్ళలు ఒకదానిపై ఒకటి ఆనుకొనును. ఒకటి తిరుగుతూ రెండవదాని పళ్ళ మీదకు ఎక్కి దిగును. ఎక్కిదిగిన ప్రతిసారీ బిట్టు ముందుకు ఒక చిన్న దెబ్బ కొట్టును. బిళ్ళకు 16 పళ్ళు ఉండి, నిమిషానికి 1,500 సార్లు తిరిగితే, నిమిషానికి 24,000 దెబ్బలు పడతవి. దెబ్బలు అనేకం, ఒక్కొక్క దెబ్బ స్వల్పం.

ఇచ్చట గమనించవలసినది, దెబ్బ బలం చాలవరకు మన చేతి ఒత్తిడి మీద ఆధారపడుతుంది. నొక్కకపోతే బిళ్ళలు సరిగా కలియవు. ఇటుక గోడకు, సిమెంటు పూతకు, చిన్న రాల్ ప్లగ్గులకు ఇది సరిపోవును. గట్టి కాంక్రీటులో నాలుగైదు రంధ్రాలకే చేయి నొప్పి పెట్టును. పింగాణీ పలకల మీద మొదలుపెట్టునపుడు సుత్తి బొమ్మను తీసివేయవలెను. లేనిచో పలక పగులును. కొయ్యకు, ఇనుముకు సుత్తి బొమ్మ ఎన్నడూ పనికిరాదు.

3. రోటరీ హామర్: తిప్పుతూ గట్టిగా కొట్టుట

ఉస్తాద్ చెప్పిన గోడను కొట్టే సుత్తి ఇదే. ఇందులో పళ్ళ బిళ్ళలు ఉండవు. ఒక గొట్టంలో ముషలకం ముందుకు వెనుకకు కదలును. దానికి, దాని ముందున్న లోహపు దిమ్మెకు మధ్య గాలి చిక్కుకొని ఉంటుంది. ముషలకం ముందుకు రాగానే ఆ గాలి స్ప్రింగు వలె నొక్కుకొని దిమ్మెను విసరును. దిమ్మె పోయి బిట్టు వెనుక భాగాన్ని కొట్టును.

ఒక దెబ్బ శక్తి 2 జౌళ్లు అనుకొందము. 200 గ్రాముల బరువు 1 మీటరు ఎత్తు నుండి పడినపుడు వచ్చే శక్తి దాదాపు అంతే. అటువంటి దెబ్బలు నిమిషానికి 4,500, అనగా సెకనుకు 75 పడినవనుకొనుడు. ఇవన్నీ ఒకే బిందువు మీద పడుతుంటే కాంక్రీటు నలిగి పొడియగును. బలం గాలి నుండి వచ్చును గనుక, మనిషి గట్టిగా నొక్కనవసరం లేదు. యంత్రాన్ని సరళరేఖలో నిలిపి ఉంచితే చాలును.

దీని బిట్టు కాడ గాళ్ళు పడి ఉండును. దానిని చక్‌లో బిగించరు; మూతిలోకి గ్రుచ్చి తిప్పితే చిక్కుకొనును. చిక్కిన పిమ్మట కూడా అది కొంచెం ముందుకు వెనుకకు జారగలదు. దెబ్బ తినడానికి ఆ జారుడు అవసరం. 1975లో వచ్చిన ఈ పద్ధతిని ఎస్.డి.ఎస్. అంటారు. గ్రుచ్చు, తిప్పు, కూర్చొన్నది అనే అర్థమిచ్చే మూడు జర్మన్ మాటల మొదటి అక్షరాలవి. కొన్ని యంత్రాలలో తిప్పుటను ఆపివేసి కొట్టుటను మాత్రమే ఉంచవచ్చును. అప్పుడది ఉలి వలె పనిచేయును. గోడలో పైపులకు గాడి తీయడానికి అది ఉపయోగపడును.

4. ఇంపాక్ట్ డ్రైవర్: తిరిగే దిక్కున కొట్టుట

మన విద్యార్థి కొన్నది ఇదే. దీనికి చక్ ఉండదు. మూతిలో 6.35 మిల్లీమీటర్ల, అనగా పావు అంగుళపు, షడ్భుజాకార రంధ్రం ఉంటుంది. ఆ కొలత కాడ గల బిట్లే అందులో పడతవి. ఉస్తాద్ మూతి చూచి నవ్వినది అందుకే. దుకాణదారు విడిగా ఒక చక్ ముక్కను కూడా అంటగట్టినందున మన విద్యార్థి భ్రమపడినాడు.

ఇది పనిచేసే తీరు ఇట్లుండును. తుప్పు పట్టిన నట్టు రానప్పుడు మెకానిక్ ఏమి చేస్తాడు? పానాను నట్టుకు తగిలించి, పానా కొసను సుత్తితో కొడతాడు. చేత్తో లాగితే రాని నట్టు ఆ దెబ్బకు కదులును. ఇంపాక్ట్ డ్రైవరులో ఆ సుత్తి, ఆ పానా రెండూ లోపలనే ఉన్నవి. స్క్రూ సులభంగా దిగుతున్నంతసేపు అన్నీ కలిసి తిరుగును. స్క్రూ బిగుసుకొనగానే మూతి నిలిచిపోవును. కాని సుత్తి స్ప్రింగును నొక్కుకొని వెనుకకు జారి, దాని అడ్డు దాటి, వేగం పుంజుకొని, ప్రక్కనుండి దిమ్మెను కొట్టును. ఇది నిమిషానికి మూడు వేలకు పైగా జరుగవచ్చును.

పుస్తకంలో మనం చదివిన సూత్రమే ఇది. కోణీయ ద్రవ్యవేగంలో మార్పును, ఆ మార్పు జరిగిన కాలంతో భాగిస్తే టార్క్ వచ్చును. కాలం అత్యల్పమైతే టార్క్ అత్యధికమగును. అరచేతిలో ఇమిడే యంత్రం 150 న్యూటన్-మీటర్లకు పైగా టార్క్ ఇవ్వడానికి కారణం ఇదే. ఆ దెబ్బ సుత్తికి, దిమ్మెకు మధ్యనే జరుగును గనుక మణికట్టుకు మెలిక తగలదు.

పొడుగు స్క్రూలను కొయ్యలో దించడానికి, పైకప్పు రేకులను ఇనుప చట్రానికి బిగించడానికి దీనికి సాటి లేదు. కాని దెబ్బ అంతా చుట్టూ తిరిగే దిక్కుననే గనుక, కాంక్రీటును ముందుకు నలగకొట్టే దెబ్బ ఒక్కటి కూడా ఉండదు. బిట్టు గోడ మీద రాసుకొని వేడెక్కును. మన విద్యార్థి ప్రశ్నకు సమాధానం ఇదే: సుత్తి ఉన్నది, కాని దిక్కు వేరు.

మరొక జాగ్రత్త. సాధారణంగా దీనికి అంకెల క్లచ్ ఉండదు. సన్నని చెక్క, ప్లాస్టిక్ పెట్టె, చిన్న స్క్రూల మీద దీనిని వాడితే స్క్రూ తల తెగుట, చెక్క చీలుట ఖాయం.

5. ఇంపాక్ట్ రెంచ్, చిన్న స్క్రూడ్రైవర్

ఇంపాక్ట్ రెంచ్ పైదానికి అన్న వంటిది. మూతికి షడ్భుజ రంధ్రం బదులు చతురస్రపు మొన ఉండును. తరచుగా దాని కొలత అర అంగుళం, అనగా 12.7 మిల్లీమీటర్లు. దానికి సాకెట్లు తగిలించి కార్లు, లారీల చక్రాల నట్లు విప్పుతారు. బిగించడానికి మాత్రం చివర చేతి టార్క్ పానా వాడుట క్షేమం. యంత్రం ఎంత బిగించినదో చేతికి తెలియదు.

ఇక అన్నిటికంటె చిన్నది 3.6 వోల్టుల స్క్రూడ్రైవర్. ఒకే సెల్లుతో నడిచే పేచ్‌కస్ అది. స్విచ్ పలకలు, తలుపు గొళ్ళాలు, బల్ల సొరుగులు బిగించడానికి చాలును. 2003లో లిథియం-అయాన్ బ్యాటరీతో మొదట బజారుకు వచ్చిన విద్యుత్ పనిముట్టు ఈ జాతిదే; ఇక్సో పేరుతో బాష్ సంస్థ దానిని విడుదల చేసినది.

బ్యాటరీ సంగతులు

1899లో స్వీడన్ దేశస్థుడు వాల్డెమార్ యుంగ్నర్ రూపొందించిన నికెల్-కాడ్మియం సెల్లు చాలాకాలం ఈ యంత్రాలను నడిపినది. ఒక్కొక్క సెల్లు 1.2 వోల్టులు. కాడ్మియం విషపదార్థం. యూరోపియన్ యూనియన్ 2016 చివరి నుండి తీగ లేని పనిముట్లలో దాని అమ్మకాన్ని నిషేధించినది. నేడు దాదాపు అన్నింటా లిథియం-అయాన్ సెల్లులే. వాటి సృష్టికి మూలమైన పరిశోధనలకు గుడెనఫ్, విటింగ్‌హామ్, యోషినో అనే ముగ్గురికి 2019లో రసాయన శాస్త్ర నోబెల్ బహుమతి లభించినది.

లిథియం-అయాన్ సెల్లు సామాన్య వోల్టేజి 3.6. అయిదు సెల్లులను వరుసగా కలిపితే 18 వోల్టులు. అప్పుడే నిండిన సెల్లు 4 వోల్టులకు పైగా చూపును గనుక, అదే బ్యాటరీని కొందరు 20 వోల్టులు అని ముద్రిస్తారు. రెండూ ఒకటే, 20 అన్నది బలమైనదని భ్రమపడరాదు. అట్లే మూడు సెల్లుల బ్యాటరీ 10.8 అనీ, 12 అనీ అమ్ముడగును. మరికొన్ని చవక యంత్రాల పెట్టెల మీద 48, 88 వంటి అంకెలు పెద్ద అక్షరాలతో ఉంటవి. నిజంగా 48 వోల్టులు కావలెనన్న 13 సెల్లులు వరుసగా ఉండవలెను. పిడికిలిలో పట్టే బ్యాటరీలో అన్ని సెల్లులు ఎక్కడ పట్టునో కొనేవాడు ఆలోచించవలెను. అటువంటి అంకె తరచుగా అలంకారం మాత్రమే.

బ్యాటరీలో నిల్వ ఉన్న శక్తి తెలియవలెనన్న, వోల్టులను ఆంపియర్-అవర్లతో గుణించవలెను. 18 వోల్టులు, 4 ఆంపియర్-అవర్లు అయితే 72 వాట్-అవర్లు. యంత్రం 400 వాట్లు తీసుకొంటూ ఆగక పనిచేస్తే అది సుమారు 11 నిమిషాలు వచ్చును. ఈ లెక్క గల్ఫ్ దేశాల నుండి పనిముట్లతో తిరిగివచ్చే మన కరీంనగర్, నిజామాబాద్ ప్రాంతాల కార్మికులకు కూడా అవసరం. విమానంలో విడి లిథియం బ్యాటరీలను పెద్ద సామానులో పెట్టరాదు. ధ్రువాలు కప్పి చేతి సంచిలో తేవలెను. 100 వాట్-అవర్ల లోపువాటికి సామాన్యంగా అనుమతి కలదు. 5 ఆంపియర్-అవర్ల 18 వోల్టుల బ్యాటరీ 90 వాట్-అవర్లు. 6 ఆంపియర్-అవర్లది 108. రెండవదానికి విమాన సంస్థ అనుమతి ముందుగా పొందవలెను.

లిథియం బ్యాటరీకి ఎండ శత్రువు. వేసవిలో రేకుల షెడ్డులో, మోటారు సైకిలు పెట్టెలో దానిని వదలరాదు. పనిచేసి వేడిగా ఉన్నదానిని చల్లారనిచ్చి చార్జింగ్ పెట్టవలెను. ఉబ్బిన బ్యాటరీని వాడరాదు, విప్పరాదు, చెత్తకుండీలో వేయరాదు. మన దేశంలో 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నియమాల ప్రకారం పాత బ్యాటరీలను సేకరించే బాధ్యత తయారీదారులపై కలదు.

చేతికి, కంటికి, ప్రాణానికి జాగ్రత్త

తీగ లేదు గనుక విద్యుదాఘాతం లేదని అనుకొనుట పెద్ద పొరపాటు. యంత్రానికి తీగ లేదు గాని, గోడలో ఉన్నది. స్విచ్ పెట్టెకు నిలువుగా పైన, క్రింద, అడ్డంగా ఇరువైపుల తొలచే ముందు మెయిన్ స్విచ్ ఆపవలెను.

రెండవది మణికట్టు. డ్రిల్ డ్రైవరు టార్క్ 60 న్యూటన్-మీటర్లు అనుకొనుడు. బిట్టు అకస్మాత్తుగా చిక్కుకొంటే ఆ టార్క్ చేతి మీదకు తిరుగును. పిడి ఇరుసుకు 15 సెంటీమీటర్ల దూరంలో ఉంటే 400 న్యూటన్లు, అనగా సుమారు 40 కిలోల బరువు ఒక్కసారిగా చేతిని మెలిపెట్టినట్లే. కనుక పెద్ద రంధ్రాలకు ప్రక్కపిడి తప్పక బిగించవలెను. నిచ్చెన మీద ఒంటిచేత్తో ఆ సాహసం చేయరాదు. కంటికి అద్దాలు, దెబ్బ కొట్టే యంత్రాలకు చెవి మూతలు, కాంక్రీటు పొడికి ముక్కుగుడ్డ అవసరం. బిట్టు మార్చునపుడు బ్యాటరీ తీసివేయవలెను. వదులు చేతుల చొక్కా తొడగరాదు. తిరిగే యంత్రం దగ్గర ఉన్ని తొడుగులు కూడా వేసుకొనరాదు.

ముగింపు

పాఠకుడు ఒక్క మాట గుర్తుంచుకొంటే చాలును. కొయ్యకు, ఇనుముకు తిప్పుట చాలును. డ్రిల్ డ్రైవర్ కొనుడు. ఇటుకకు అప్పుడప్పుడు ముందుకు చిన్న దెబ్బ కావలెను. హామర్ డ్రిల్ కొనుడు. ప్రతిదినం కాంక్రీటుతో పని అయితే రోటరీ హామర్ తప్పదు. పొడుగు స్క్రూలు, రేకుల పని అయితే ఇంపాక్ట్ డ్రైవర్. పేరును బట్టి, శబ్దాన్ని బట్టి, పెట్టె మీది అంకెను బట్టి కాక, దెబ్బ ఏ దిక్కున పడునో తెలిసి కొనవలెను.

మన విద్యార్థి కథ అంతటితో ముగియలేదు. యంత్రాన్ని అమ్మివేయవద్దని ఉస్తాద్ సలహా ఇచ్చినారు. "తప్పు యంత్రం కాదు బేటా, తప్పు పని" అన్నారు. అతడు ఆ సలహా విని, గోడ పనికి తన మేస్త్రీ రోటరీ హామర్‌ను అడిగి తీసుకొంటూ, తన యంత్రంతో రేకుల షెడ్డులకు స్క్రూలు బిగించే పని ఒప్పుకొన్నాడు. నాలుగు ఆదివారాలలో యంత్రం ఖరీదు తిరిగి వచ్చినదని చెప్పి, ఆ సంతోషంతో నాకూ ఉస్తాద్‌గారికీ టీ ఇప్పించినాడు.

కళాశాల కమిటీ పెద్దలకు ఈ సందర్భంలో ఒక విన్నపం. మన భౌతికశాస్త్ర ప్రయోగశాలలో లోలకాలు, కటకాలు ఉన్నవి. ఒక్క బరమా లేదు. మన పిల్లలలో అనేకులు సాయంకాలం పనిముట్టు పట్టి ఉదయం పుస్తకం పడుతున్నారు. ఈ నాలుగు యంత్రాలను ఒక బల్ల మీద ఉంచి, సంవత్సరానికి రెండు దినములు ఒక ఉస్తాద్‌ను గౌరవ వేతనంతో పిలిపించి, వాటిని విప్పి చూపించినచో, బలభ్రామకం అన్న మాట పరీక్ష పత్రంలోనే కాక వారి చేతులలో కూడా నిలుచును. ఇరవై ఏండ్ల బోధన తరువాత నేను ఆ వీధిలో నిలబడి నేర్చుకొన్నది, వారు ఇక్కడనే నేర్చుకొనగలరు.